రిజిస్టర్‌లో 'ప్రశాంతంగా పడుకుంది' అని రాసిన రాత్రి

జింక పిల్లలకి రాత్రి రెండు గంటల పాలు పట్టడానికి వెళ్ళేసరికి రెండోది గడ్డిలో ముడుచుకుని పడుకుని ఉంది. మెడ ఒంటికి ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసుకుని. తట్టినా లేవలేదు. నిపుల్ నోట్లో పెడితే కాసేపు చప్పరించి వదిలేసింది. ఆకలిగా లేదేమో, నిద్రపోనీలే అనుకున్నాను. ఆ రాత్రి నేను రాసిన లైను రిజిస్టర్‌లో ఇప్పటికీ ఉంది: "నం. 2. 20 మి.లీ. తాగింది. ప్రశాంతంగా పడుకుంది."

పొద్దున ఆరింటికి అక్క వచ్చింది. ఏ పిల్ల దగ్గరికి వెళ్ళినా ముందు నోట్లో వేలు పెట్టి చూడటం ఆమె అలవాటు. రెండోదాని నోట్లో పెట్టిన వేలు తీయకుండానే నా వైపు తిరిగి, "ఇది ప్రశాంతంగా లేదురా, చల్లబడిపోతోంది" అంది.

అడవి జంతువుల్ని చేరదీయడానికి అనుమతి ఉన్న ఒక సంరక్షణ కేంద్రంలో కొన్ని నెలలు పనిచేశాను. అక్క అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉంది. నాకు పశువులతో కొంచెం అలవాటు ఉంది కాబట్టి జింక పిల్లల గది నాకు అప్పజెప్పారు. మాటవరసకి జింక పిల్లలనే అనేవాళ్ళం, నిజానికి అవి దుప్పి పిల్లలు. జింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి, దుప్పి కొమ్ములు రాలి మళ్ళీ మొలుస్తాయి. పాలసీసా దగ్గర ఆ తేడా ఎవరికీ పట్టదు. పేర్లు పెట్టొద్దన్నారు, పెడితే మనమే ఎక్కువ ముద్దు చేస్తాం, అవి మనిషికి మరిగిపోతాయి అని. పెద్దది, రెండోది, చిన్నది అని పిలుచుకునేవాళ్ళం. చివరికి అవే పేర్లయిపోయాయి.

పెద్దదాని తల్లిని వాహనం గుద్దేసింది. మిగతా రెండూ అసలు రావాల్సినవే కావు. పొదల్లో ఒంటరిగా కదలకుండా పడి ఉన్నాయని, తల్లి వదిలేసి పోయిందని ఎవరో జాలిపడి ఎత్తుకొచ్చారు. దుప్పి తల్లి చేసేదే అది. పిల్లని ఒకచోట దాచి, తను దూరంగా మేస్తూ, రోజుకి కొన్నిసార్లు వచ్చి పాలిచ్చి పోతుంది. పిల్ల ఒంటి వాసన చాలా తక్కువ, కదలకపోతే చుక్కలు ఎండుటాకుల మీద పడిన ఎండలా కలిసిపోతాయి. మనిషి ముట్టుకుంటే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదన్న మాట కూడా నిజం కాదు. ఆ రోజే తీసిన చోట పెట్టేసి ఉంటే తల్లి వచ్చి తీసుకుపోయేది. మా దగ్గరికి వచ్చేసరికి రెండు రోజులు గడిచాయి, ఎక్కడ తీశారో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు.

చిన్నది అన్నిటికన్నా బలహీనం. దానికి జున్నుపాలు అందాయో లేదో ఎవరికీ తెలియదు. నెమరువేసే జంతువుల పిల్లలకి తల్లి కడుపులో ఉండగా రోగాన్ని తట్టుకునే యాంటీబాడీలు రావు. పుట్టాక తాగే జున్నుపాల నుంచే రావాలి. పేగు వాటిని నేరుగా రక్తంలోకి పంపగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో బాగా. 24 గంటలు దాటాక ఆ తలుపు దాదాపు మూసుకుపోతుంది. అయినా ఫ్రీజర్‌లో దాచిన మేక జున్నుపాలు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి చిన్నదానికి పట్టాం. రక్తంలోకి వెళ్ళకపోయినా పేగు లోపల కొంత కాపలా కాస్తాయి కదా అని.

మొదటి వారం అంతా కొలతలూ గుడ్డముక్కలే. దుప్పి పాలు ఆవు పాలకన్నా చాలా చిక్కన, కొవ్వూ మాంసకృత్తులూ దాదాపు రెట్టింపు ఉంటాయి. వాటికి సరిగ్గా సరిపోయేవి మాకు దొరకలేదు కాబట్టి మేము వెన్న తీయని మేకపాలు వాడాం. రోజుకి ఒంటి బరువులో పదో వంతు నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ, ఐదారు విడతలుగా. ఒక్క విడతలో కిలో బరువుకి 50 మి.లీ. దాటకూడదని అక్క గోడ మీద రాసిపెట్టింది. పాలు పట్టే ముందో తర్వాతో తడి వెచ్చని గుడ్డతో తోక కింద మెల్లగా రుద్దాలి. తల్లి నాకితే గానీ మొదటి వారాల్లో పిల్ల మూత్రం పోయదు, పేడ వేయదు. వేసినదాన్ని తల్లే తినేస్తుంది, పిల్ల దాక్కున్న చోట వాసన మిగలకూడదని. మా దగ్గర తల్లి నాలుక బదులు పాత తువ్వాలు ముక్కలుండేవి.

సీసా పట్టే తీరు నేర్చుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. పిల్ల నిలబడి మెడ ముందుకి చాచి, తల కొంచెం పైకెత్తి తాగాలి, పొదుగు కింద తాగినట్టు. అలా చప్పరిస్తూ తాగినప్పుడు గొంతు కింద ఒక గాడి గొట్టంలా మూసుకుని పాలని మొదటి గదిలో పడకుండా దాటించి, నేరుగా పాలు అరిగే నాలుగో గదికి పంపుతుంది. బలవంతంగా నోట్లో పోస్తే గాడి మూసుకోదు. పాలు మొదటి గదిలో పడి పులిసిపోతాయి, డొక్క ఉబ్బుతుంది. పెద్దదానికి ఒకసారి అలాగే ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. నిలబెట్టి, ముందు కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టి, పక్కలు నిమిరితే త్రేన్పులు వచ్చి సర్దుకుంది. ఆ గండం అంతటితో గడిచింది.

రెండోదాని విషయంలో అంత తేలిగ్గా గడవలేదు. తొమ్మిదో రోజు మేకపాలు సగమే వచ్చాయి. గొర్రెపిల్లల కోసం తయారుచేసే పాలపొడి డబ్బా ఉంది కదా, రాత్రి విడతకి అదే కలిపేశాను. పాలు మార్చాలంటే మూడు నాలుగు రోజుల మీద, కొంచెం కొంచెంగా పాళ్ళు మార్చుతూ పోవాలని నాకు తెలుసు. ఒక్క రాత్రికేగా అనుకున్నాను. పైగా చెంచా నిండుగా, గోపురంలా వచ్చేలా తీశాను. అంచుకి సమంగా గీసి తీయాల్సిన చెంచా అది. పాలు చిక్కగా ఉంటే బలం అని మనసులో ఎక్కడో ఉండిపోయింది. కానీ మరీ చిక్కని పాలు పేగులోకి ఒంట్లోని నీళ్ళని లాగేస్తాయి.

మర్నాడు సాయంత్రం గుడ్డతో తుడుస్తున్నప్పుడే చూశాను. అంతవరకూ ఆవపిండి ముద్దలా ఉండే పేడ నీళ్ళలా, పసుపుగా, పుల్లటి వాసనతో వచ్చింది. ఒకసారికే ఏమవుతుందిలే అని గుడ్డ మార్చి ఊరుకున్నాను. రిజిస్టర్‌లో రాయలేదు. ఆ రాత్రే నేను 'ప్రశాంతంగా' అని రాసింది.

దూడ అయితే మూలుగుతుంది, మేకపిల్ల అయితే అరుస్తుంది. దుప్పి పిల్లకి పుట్టుకతో వచ్చిన విద్య దాక్కోవడం. భయం వేస్తే పరుగెత్తదు, నేలకి అతుక్కుపోతుంది, గుండె కూడా నెమ్మదిస్తుంది. బాగున్న పిల్లా కదలకుండా పడుకుంటుంది, చచ్చిపోతున్న పిల్లా కదలకుండా పడుకుంటుంది. గుమ్మంలోంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూడాలి. నేను గుమ్మంలోంచి చూశాను.

అక్క థర్మామీటర్ పెట్టింది. 36.4 డిగ్రీలు. 38.5 నుంచి 39.5 మధ్య ఉండాల్సింది. నేను అప్పటికే పాలు వెచ్చబెట్టడానికి లేచాను, పాపం రాత్రంతా ఏమీ తాగలేదని. డాక్టరు గారికి ఫోన్ చేస్తే మొదటి మాట, "పాలు పట్టారా?" ఇంకా లేదన్నాను. "పట్టకండి. ముందు వెచ్చబెట్టండి."

ఒళ్ళు చల్లబడిన పిల్లకి పేగు కదలిక ఆగిపోతుంది. లోపలికి పోయిన పాలు అరగవు, అక్కడే కుళ్ళుతాయి. మింగే శక్తి తగ్గి ఊపిరితిత్తుల్లోకి కూడా పోవచ్చు. వేడినీళ్ళ సీసాలకి తువ్వాళ్ళు చుట్టి పక్కల పెట్టాం. నేరుగా తగిలిస్తే చర్మం కాలుతుంది, నీరసంగా ఉన్న పిల్ల పక్కకి జరగలేదు కూడా. పొడి దుప్పటి కప్పి, గ్లూకోజ్ పొడి రెండు చుక్కల నీళ్ళతో ముద్ద చేసి చిగుళ్ళకి రాస్తూ కూర్చున్నాం. గంటన్నరకి 37.8 దాకా వచ్చింది. ఆ గంటన్నరలో నేను మాట్లాడలేదు, అక్కా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

డాక్టరు గారు వచ్చి మెడ మీద చర్మం చిటికెడు పట్టి వదిలారు. ముడత అలాగే నిలబడి, మెల్లగా సర్దుకుంది. కనుగుడ్డుకీ రెప్పకీ మధ్య సందు కనిపిస్తోంది. చిగుళ్ళు జిగురుగా ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటింది. ఇవన్నీ చూశాక బరువు అడిగారు. ముందురోజు పొద్దున 3.4 కిలోలు, ఇప్పుడు 3.1.

"ఒక్కరోజులో మూడు వందల గ్రాములు కండ తగ్గదు. పోయిందంతా నీళ్ళే. మీ త్రాసే చెప్పేసింది, ఇక నేను చెప్పేదేముంది" అన్నారు.

లెక్క కాగితం మీద వేసి చూపించారు. పోయిన నీళ్ళు ఒంటి బరువులో 9 శాతం. 3.4 కిలోలకి అది సుమారు 300 మి.లీ. ఇది బాకీ. దీని మీద రోజూ మామూలుగా కావలసిన నీళ్ళు, విరేచనాల్లో ఇంకా పోతూ ఉండేవి. మూడూ కలిపితేనే పిల్ల నిలబడుతుంది. బాకీ ఒక్కటే తీర్చి చేతులు దులుపుకుంటే సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తుందన్నారు. చర్మం కింద ఎక్కిస్తారేమో అనుకున్నాను, కుక్కపిల్లలకి చేయడం చూశాను కాబట్టి. ఇంత చల్లబడినప్పుడు చర్మానికి రక్తమే సరిగ్గా అందదు, అక్కడ పెట్టిన సెలైన్ అక్కడే తిత్తిలా నిలబడిపోతుంది. అందుకని మెడ నరానికి చిన్న గొట్టం పెట్టి, వెచ్చబెట్టిన సెలైన్ గ్లూకోజ్‌తో కలిపి మెల్లగా ఎక్కించారు. మధ్యాహ్నానికి తల ఎత్తింది. నా వేలు చప్పరించింది, గట్టిగా కాదు గానీ చప్పరించింది.

మనుషులకి విరేచనాలు ఆపడానికి వేసే మాత్ర ఇవ్వొచ్చా అని అడిగాను. ఇలాంటి ప్రశ్నలు ఆయనకి కొత్త కాదనుకుంటాను. "దొంగ ఇంట్లో ఉండగా తలుపు గడియ పెడతావా?" అన్నారు. ఆ మాత్ర పేగు కదలికని ఆపుతుంది, లోపలున్న విషం బయటికి పోయే దారి మూసేస్తుంది. అప్పటికి యాంటీబయాటిక్ కూడా ఇవ్వలేదు. విరేచనాలకి కారణం ఏదో తేలకుండా నోటి ద్వారా ఇస్తే, ఇప్పుడిప్పుడే పొట్టలో కుదురుకుంటున్న మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి. ముందు పేడ పరీక్ష అన్నారు.

ఆ వయసు పిల్లకి పారుకుంటే ఎవరిని అనుమానించాలో ఒక వరుస ఉంటుంది. పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో ఎక్కువగా ఈ-కోలై. తర్వాత రోటా, కరోనా జాతి వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనిపించని పరాన్నజీవి. మూడు వారాలు దాటాక అలాంటిదే ఇంకో పరాన్నజీవి, కాక్సిడియా. సాల్మొనెల్లా ఎప్పుడైనా రావచ్చు. వీటన్నిటి పక్కనా ప్రతిసారీ నిలబడే అనుమానితుడు పాలు కలిపిన మనిషి. రెండోదాని పేడని స్లైడ్ మీద రంగు వేసి చూస్తే నీలం మీద ఎర్రటి చిన్న గుండ్రాలు కనిపించాయి. నన్ను కూడా చూడమన్నారు. చూడటానికి అందంగా ఉన్నాయి, చీరంచు మీద పూసలు చల్లినట్టు. క్రిప్టోస్పోరిడియం.

"అయితే నా చెంచా కారణం కాదా?" అన్నాను. నా గొంతులో ఆశ ఆయనకి వినిపించే ఉంటుంది. "పురుగు ఒక్కటే వచ్చుంటే తట్టుకునేదేమో. నీ పాలు ఒక్కటే అయితే రెండు రోజుల్లో సర్దుకునేదేమో. రెండూ ఒకేసారి వచ్చాయి" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

దీనికి మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు. దూడలకి వాడే హాలోఫుజినోన్ అనే మందు ఉంది గానీ, దాన్ని ఖాళీ కడుపున ఇవ్వకూడదు, నీరసించిపోయిన పిల్లకి ఇవ్వకూడదు, కొంచెం మోతాదు ఎక్కువైనా విషమే. రెండోదాని పరిస్థితికి అది వద్దన్నారు. ఈ రోగం దానంతటదే ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. అందాకా పిల్ల ఒంట్లో నీళ్ళు, ఉప్పు, వేడి, బలం తగ్గకుండా చూసుకోవడమే వైద్యం. వినడానికి చాలా తేలిగ్గా ఉంటుంది. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి లేస్తే తెలుస్తుంది ఎంత తేలికో.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరే. గ్లాసుకి కొంచెం పొడి అని ఉజ్జాయింపుగా కలపడం వద్దన్నారు. అందులో గ్లూకోజ్ రుచి కోసం కాదు, అది పేగు గోడ దాటేటప్పుడు సోడియంని తనతో తీసుకుపోతుంది, సోడియం వెనక నీళ్ళు పోతాయి. పాళ్ళు తప్పితే ఆ లెక్కే తప్పుతుంది. ఓఆర్‌ఎస్‌ని పాలల్లో కలపకూడదు, పాలు కడుపులో సరిగ్గా విరిగి గడ్డకట్టవు. పాలకీ దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాం. నాకు బాగా గుర్తున్న వాదన పాల గురించే. పారుకుంటున్నప్పుడు రెండు రోజులు పాలు పూర్తిగా ఆపేయాలని నేను విన్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఓఆర్‌ఎస్‌లో నీళ్ళూ ఉప్పూ ఉంటాయి గానీ పిల్ల బతకడానికి చాలినంత బలం ఉండదు, రెండు రోజులు దాని మీదే ఉంచితే విరేచనాలు తగ్గుతాయేమో గానీ పిల్ల ఆకలితో పోతుంది. ఒక్క విడత మాత్రం ఆపి, తర్వాత మేకపాలే సగం సగం మోతాదులో ఎక్కువసార్లు పట్టించారు.

తోక కింద వెంట్రుకలు అట్టకట్టి చర్మం పుండు పడింది. ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, అద్ది ఆరబెట్టి, వ్యాసెలిన్ రాసేవాణ్ణి. అశ్రద్ధ చేస్తే ఈగలు వాలి పురుగులు పడతాయి. రెండోదాన్ని విడిగా ఉంచాం గానీ పూర్తిగా ఒంటరిగా కాదు. అవతలి పిల్లలు కనిపించేలా మధ్యలో జాలీ పెట్టాం, నేలా గిన్నెలూ గుడ్డలూ వేరు. ఒంటరితనానికి కూడా ఇవి తిండి మానేస్తాయి.

శుభ్రం చేయడం దగ్గర ఇంకో పాఠం. బ్లీచింగ్ నీళ్ళతో నేల కడిగి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. క్రిప్టోస్పోరిడియం గుడ్లకి క్లోరిన్ లెక్కే లేదట. చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా అంతే. మరిగే నీళ్ళు, ఆవిరి, బాగా ఎండబెట్టడం, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కోవడం, ఇవే పనిచేస్తాయి. అది నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. నాకూ మొదలైంది. ఆరు రోజులు, కడుపులో మెలిపెట్టే నొప్పితో సహా. ఇది జంతువుల నుంచి మనుషులకి వచ్చే రోగమే. నన్ను చూసిన డాక్టరు రాసిన మందూ ఓఆర్‌ఎస్సే. నేనూ రెండోదీ కొన్ని రోజులు ఒకే డబ్బాలోని ప్యాకెట్లు తాగాం. అక్క దీన్ని అందరికీ చెప్పి నవ్వేది.

ఐదో రోజు పొద్దున నేను గదిలోకి వెళ్ళగానే రెండోది లేచింది. లేచి, ముందు కాళ్ళు చాచి, నడుము కిందికి వంచి, ఒళ్ళు విరుచుకుంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయి, "చూశావా విరుపు?" అంది. నాకేమీ అర్థం కాలేదు. లేవగానే ఒళ్ళు విరుచుకునే పిల్లకి లోపల బాగున్నట్టట, ఎక్కడైనా నొప్పి ఉంటే విరుచుకోదట. పాలు తాగుతూ తోక కొట్టింది. ఎనిమిదో రోజుకి పేడ ముద్దగా వచ్చింది. పాత ఆవపిండి రంగు. ఆ గుడ్డముక్క అక్కకి చూపించడానికి పరుగెత్తాను. ఇలాంటి విషయాలు బయటివాళ్ళకి చెప్పుకోలేం.

ఆ సంతోషంలో, ఆ నిద్రలేమిలో చిన్నదాన్ని నేను చూడవలసినంత చూడలేదు. దానికి రోగం అంటలేదు, కానీ ముందు నుంచీ నెమ్మదిగా తాగేది. ఒక్కో విడతకి ఇరవై నిమిషాలు పట్టేది. రెండు గంటలకోసారి రెండోదాన్ని చూసుకుంటూ ఆ ఇరవై నిమిషాలు నాకు బరువనిపించాయి. ఒక రాత్రి సూది కాల్చి నిపుల్ కన్నం పెద్దది చేశాను. పది నిమిషాల్లో తాగేసింది. మధ్యలో ఒకసారి దగ్గింది, ముక్కులోంచి పాలు వచ్చాయి. తుడిచాను.

సీసా తలకిందులుగా పట్టుకుంటే పాలు చుక్క చుక్కగా రావాలి. ధార కడితే ఆ నిపుల్ పనికిరాదు. పిల్ల చప్పరించే వేగం కన్నా పాలు వచ్చే వేగం ఎక్కువైతే మిగిలింది శ్వాసనాళంలోకి పోతుంది. ఇది నాకు మొదటి రోజే చెప్పారు.

రెండు రోజులకి చిన్నది పడుకునే ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఈసారి గుమ్మంలోంచి కాకుండా దగ్గర కూర్చుని డొక్క ఎగరడం లెక్కపెట్టాను. నిమిషానికి 70 దాటింది. జ్వరం 40.6. డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి, ఛాతీ ముందు భాగంలో, కింది వైపు గరగర వినిపిస్తోందన్నారు. పాలు మింగబోయి ఊపిరితిత్తుల్లో పడితే చేరేది అక్కడికే. ఈసారి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టారు, వాపు తగ్గడానికి ఇంజెక్షన్ కూడా. ఏ మందు, ఎంత అన్నది ఇక్కడ రాయను. దుప్పి పిల్ల బరువూ వయసూ చూడకుండా దూడకి వేసిన మోతాదు భాగించి వేయడం నేను చూశాను, దాని ఫలితమూ చూశాను.

పాత నిపుల్ తెచ్చి, గుక్క గుక్కకీ ఆపుతూ పట్టాను. మూడో రోజు కొంచెం తేరుకున్నట్టనిపించింది. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది. నేను పక్కనే ఉన్నాను, గడ్డి సర్దుతున్నాను, తిరిగి చూసేసరికి ఊపిరి లేదు. చప్పుడు చేయలేదు.

డాక్టరు గారు కోసి చూసి నన్ను పిలిచారు. రానంటే ఊరుకునేవారే, కానీ వెళ్ళాను. ఊపిరితిత్తులు పైభాగం లేత గులాబీ రంగులో, స్పాంజిలా ఉన్నాయి. ముందువైపు కింది భాగం ముదురెరుపుగా, ముట్టుకుంటే కాలేయంలా గట్టిగా ఉంది. జున్నుపాలు సరిగ్గా అంది ఉండవు, తట్టుకునే శక్తి మొదటి నుంచీ తక్కువే, అదీ ఒక కారణం అని ఆయన రెండుసార్లు చెప్పారు. ఆ సాయంత్రం అక్క ఆ నిపుల్ కడిగి, పాలగదిలో స్టవ్ పైన మేకుకి తగిలించింది. ఎందుకని నేను అడగలేదు. కొత్తగా పనికి వచ్చినవాళ్ళు అడుగుతారు. వాళ్ళకి చెప్పే పని నాది.

ఆ వారమే అక్క రిజిస్టర్‌లో గళ్ళు మార్చింది. నోటి వేడి, చెవులు, చప్పరించే బలం, తోక, లేవగానే విరుపు, పేడ, బరువు. 'వ్యాఖ్య' అనే గడి కొట్టేసింది. ప్రతి గడికీ దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే తప్ప సమాధానం రాయలేం. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది, రాత్రి రెండింటికి తోక ఆడిందా లేదా అని రాయడం. ఐదో వారంలో పెద్దది వరసగా రెండు రోజులు బరువు పెరగలేదు. పారుకోవడం లేదు, జ్వరం లేదు, పాలు తాగుతోంది. పాత రిజిస్టర్‌లో అయితే బాగుంది అని రాసేవాణ్ణి. బరువు గడిలో రెండు రోజులు ఒకే అంకె కనిపించేసరికి పేడ పరీక్షకి పంపాం. ఉప్పునీళ్ళలో తేల్చి చూస్తే కాక్సిడియా గుడ్లు, లెక్కకి మించి. మందు వేశారు, బి1 విటమిన్ కూడా ఇచ్చారు, ఎందుకంటే ఆ మందు బి1ని పోలి ఉండి, ఎక్కువైతే పిల్లకి కూడా దాన్ని అందనివ్వదు. ఆకుల గిన్నెలు నేల మీద నుంచి తీసి ఎత్తులో కట్టాం, తడిసిన పరుపు గడ్డి రోజూ మార్చాం. వారం తిరక్కుండా మళ్ళీ బరువు ఎక్కింది. ఒక్క విరేచనం కూడా కాకుండా తేలిపోయింది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, అదే నాకు నచ్చింది.

రెండో నెలలో రెండూ ఆకులు బాగా నమలడం, మధ్యాహ్నం నీడన కూర్చుని నెమరు వేయడం మొదలుపెట్టాయి. పాలు ఒక్కో విడత తగ్గిస్తూ వచ్చాం. మేము గదిలో ఉండే సమయం కూడా తగ్గించాం. మగ పిల్ల మనిషికి మరిగితే, పెద్దయి కొమ్ములొచ్చాక మనిషినే పోటీ మగదనుకుని పొడుస్తుంది. పెద్దది మగదే. సీసా కంచెకి కట్టి, మేము కనబడకుండా తాగించడం అలవాటు చేశాం. రెండోది ఆడది, దానికి ఆ భయం అంత లేదు గానీ నియమం నియమమే. దాన్ని నిమరకుండా ఉండటం నాకు కష్టంగానే ఉండేది.

మూడు నెలలు దాటాక ఒక సాయంత్రం కంచె దగ్గర రెండు సీసాలు కట్టాను. పెద్దది వచ్చి కొంచెం తాగి వదిలేసింది. రెండోది నిపుల్ వాసన చూసి, నాలుక ఒకసారి తగిలించి, వెనక్కి తిరిగి రావి కొమ్మ దగ్గరికి పోయింది. అరగంట ఆగాను. రాలేదు. రిజిస్టర్‌లో రాశాను: "నం. 2. పాలు వద్దంది. ఆకులు తింటోంది. బరువు పొద్దున చూశాను, పెరిగింది."

మర్నాడు చూస్తే దాని కింద అక్క చేతిరాత: "సీసాలు మరిగించి ఎండబెట్టు. రేపు ఇంకోటి వస్తోంది."